నాయుడి సంతకమేనా.. నమ్మేదెలా?

నాగపూర్‌: సి.కె.నాయుడు సంతకం ఉన్న చిన్న కాగితం ముక్క. పక్కనే 'ఇది అసలైనదే' అంటూ రంగుల ధ్రువపత్రం. దాని మూలన తళతళలాడే స్టిక్కరు. ఆన్‌లైన్‌లో ఇలాంటిది కంటపడితే క్రికెట్‌ పిచ్చి ఉన్న తెలుగువాడి మనసు లాగడం సహజమే. మరి ఆ పత్రం ఇచ్చిందెవరు? 1967లోనే కన్నుమూసిన మనిషి సంతకం చేస్తుండగా చూసిందెవరు? చిక్కంతా అక్కడే ఉంది.

కొఠారి కనకయ్య నాయుడు కుటుంబానిది మచిలీపట్నం మూలం. ఆయన పుట్టింది మాత్రం 1895 అక్టోబరు 31న నాగపూర్‌లో. 1926లో బొంబాయి జింఖానా మైదానంలో ఎంసీసీ జట్టుపై 153 పరుగులు బాదారు. అందులో సిక్సర్లే పదకొండు! 1932 జూన్‌లో లార్డ్స్‌లో భారత్‌ ఆడిన తొలి టెస్టుకు ఆయనే సారథి. క్రికెట్‌ బోర్డు ఇచ్చే జీవిత సాఫల్య పురస్కారం కూడా ఆయన పేరిటే ఉంది. ఇంతటివాడి చేవ్రాలుకు గిరాకీ ఉండక ఏమవుతుంది? గిరాకీ ఉన్నచోటికి నకిలీ రాకుండానూ ఉండదు.

బంతిపై మదర్‌ థెరిసా!

పాత సంతకాల వ్యాపారం ఎంత దూరం వెళ్లగలదో అమెరికాలో 1990ల్లోనే తేలింది. అక్కడ బేస్‌బాల్‌ ఆటగాళ్ల సంతకాలకు పెద్ద మార్కెట్‌. శాన్‌డియాగో ఆటగాడు టోనీ గ్విన్‌ తన పేరుతో అమ్ముతున్న దొంగ సంతకాలను తానే గుర్తుపట్టారు. ఎఫ్‌బీఐ రంగంలోకి దిగింది. 'ఆపరేషన్‌ బుల్‌పెన్‌' పేరిట రహస్యంగా కూపీ లాగి 1999 అక్టోబరులో మూకుమ్మడి దాడులు చేసింది. గ్రెగ్‌ మరీనో అనే ఒక్కడే ఎందరో దిగ్గజాల సంతకాలు గీకి పారేసినట్లు బయటపడింది. దొరికిన సరుకులో మదర్‌ థెరిసా సంతకం చేసిన బేస్‌బాల్‌ బంతులూ ఉన్నాయి. ఆమెకూ ఆ బంతికీ ఏం సంబంధమని కొనేవాళ్లకు తట్టలేదు కాబోలు. ముఠా అమ్మిన నకిలీల విలువ పది కోట్ల డాలర్ల దాకా ఉంటుందని అప్పట్లో అంచనా వేశారు.

ఇంతకీ ఆ సరుకుకు ధ్రువపత్రాలు లేకనా? భేషుగ్గా ఉన్నాయి. సంతకం పుట్టించినవాడికి పత్రం పుట్టించడం ఓ లెక్కా!

ఆ దెబ్బతో అమెరికా మేజర్‌ లీగ్‌ బేస్‌బాల్‌ 2001లో కొత్త పద్ధతి తెచ్చింది. ఆటగాడు సంతకం పెడుతుంటే ఓ సాక్షి పక్కనే ఉండి చూస్తాడు. ఆ తర్వాతే నంబరున్న హోలోగ్రాం అంటిస్తారు. బతికున్న ఆటగాళ్లకు ఇది బాగానే ఉంది. పాతతరం వాళ్ల విషయంలో కుదరదు కదా. అక్కడ నిపుణుడు చేసేది ఒక్కటే.. అదే కాలపు ఇతర సంతకాలతో పోల్చి తన అభిప్రాయం చెప్పడం. పేరున్న సంస్థలు సైతం 'ఇది మా అభిప్రాయం' అనే రాస్తాయి. దాన్ని హామీపత్రం అనుకుంటే నష్టం కొన్నవాడికే.

నాయుడి విషయంలో పోల్చడమూ తేలిక కాదు. అరవై ఏళ్లు దాటాక కూడా, 1956-57లో ఆయన రంజీ ఆడారు. పాతికేళ్లప్పటి చేతిరాత, అరవైలో రాత ఒక్కలా ఉండవు. పైగా తమ్ముడు సి.ఎస్‌.నాయుడూ టెస్టు క్రికెటరే. నడుమ ఒక్క అక్షరమే తేడా!

స్టాంపు కొట్టిన ఘనుడు

జట్టు తరఫున అధికారికంగా వచ్చిన కాగితమైనా కళ్లు మూసుకుని నమ్మేందుకు లేదు. 1948లో బ్రాడ్‌మన్‌ సేనతో ఇంగ్లండ్‌ వెళ్లిన సిడ్‌ బార్న్స్‌కు వేల కాగితాలపై సంతకాలు చేసే ఓపిక లేకపోయింది. రబ్బరు స్టాంపు చేయించుకున్నాడు. కాగితం అసలుదే, పక్కవాళ్ల సంతకాలు అసలువే, బార్న్స్‌ది మాత్రం ముద్ర!

కొన్ని మోసాలు ఇంట్లో కూర్చునే పట్టొచ్చు. బాల్‌పెన్ను జనం చేతికొచ్చింది 1940ల మధ్యలో. లార్డ్స్‌ టెస్టు ఆడిన అమర్‌సింగ్‌ 1940లోనే చనిపోయారు. ఆయన బాల్‌పెన్నుతో సంతకం పెట్టాడంటే ఇక చెప్పేదేముంది? నాయుడు తర్వాతా చాన్నాళ్లు బతికారు కాబట్టి ఆయన పెట్టి ఉండొచ్చు. '1932 పర్యటనలో పెట్టింది' అంటే మాత్రం కుదరదు. ఆ ఏటి జట్టు కాగితమని చెప్పి అందులో ముస్తాక్‌ అలీ, లాలా అమర్‌నాథ్‌ పేర్లుంటే అనుమానించాల్సిందే. ఆ ఇద్దరూ ఇంగ్లండ్‌ వెళ్లింది 1936లో, విజయనగరం విజ్జీ సారథ్యంలో. దొంగనోట్లు పట్టే అతినీల లోహిత దీపం కింద పెడితే కాగితం తెల్లగా మెరిసిందా.. అలా మెరిపించే రసాయనం కాగితాల్లో వాడకానికి వచ్చింది 1950 ప్రాంతంలోనే.

అయితే ఈ పరీక్షలు తప్పును పట్టిస్తాయే గానీ ఒప్పును రుజువు చేయవు. పాత పుస్తకం ముందరి తెల్లకాగితం చించి, సిరా పెన్నుతో గీసేవాడు అన్నిట్లోనూ పాసవుతాడు. అందుకే విడి ముక్క కన్నా దాని వెనకున్న కథే ముఖ్యం. ఎవరి ఆటోగ్రాఫ్‌ పుస్తకం, ఏ ఊళ్లో తీసుకున్నారు, ఎవరి చేతుల మీదుగా వచ్చింది, తపాలా ముద్రున్న కవరుందా అని అడగాలి. అమ్మేవాడు తడబడితే బేరం మానుకోవడమే.

ఇళ్లలో పాత ట్రంకుపెట్టెలున్నవాళ్లూ జాగ్రత్తపడాలి. తాతగారి పుస్తకంలోంచి నాయుడి పేజీ ఒక్కటీ చించి అమ్మితే, ముందూ వెనకా ఉన్న పేర్లు, తేదీలు ఇచ్చే సాక్ష్యం పోతుంది. అసలు సంతకమే అనుమానపు సంతకమైపోతుంది. లామినేషన్‌ జోలికీ పోవద్దు.

ఇప్పటికే మోసపోతే? 2024 జులై నుంచి నాలుగొందల ఇరవై సెక్షన్‌ స్థానంలో భారతీయ న్యాయ సంహిత 318 వచ్చింది. వినియోగదారుల చట్టం-2019 ప్రకారం అమ్మినవాడు ఎక్కడున్నా కొన్నవాళ్లు తమ జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయొచ్చు. వినియోగదారుల హెల్ప్‌లైన్‌ నంబరు 1915, సైబర్‌ మోసాలకు 1930. అమ్మకం ప్రకటనను, అందులోని ఫొటోను, డబ్బు కట్టిన రసీదును ముందే దాచుకోవాలి. గొడవ మొదలయ్యాక ఆ ప్రకటన అక్కడే ఉంటుందన్న నమ్మకం లేదు.