గురికన్నా ముందు నిలకడ

బల్ల ముందు కూర్చొని, రైఫిల్‌ను స్టాండుపై ఆనించి, 25 మీటర్ల దూరంలో ఉన్న కాగితంపై ఒక్కో చుక్కకు ఒక్కో గుండు చొప్పున కాల్చే పోటీని ఎయిర్ రైఫిల్ బెంచ్‌రెస్ట్ అంటారు. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్య పతకం సాధించిన 10 మీటర్ల పోటీ తెలుగు పాఠకులకు ఎక్కువ పరిచితమైనది. అందులో షూటర్ నిలబడి, తుపాకీ బరువును తన ఒంటిపైనే మోస్తూ, ఊపిరినీ కండరాలనూ అదుపులో ఉంచుకొని కాల్చవలసి ఉంటుంది. బెంచ్‌రెస్ట్‌లో తుపాకీ ముందు భాగం స్టాండుపైనా, వెనుక భాగం ఇసుక సంచిపైనా నిలకడగా ఉంటుంది కనుక మనిషి వణుకు చాలావరకు లెక్కలోనుంచి తొలగిపోతుంది. అది తొలగిపోయాక తుపాకీలోని లోపం, సీసపు గుండులోని తేడా, మైదానంలో వీచే గాలి మిగులుతాయి. మొదటి రెండింటిని వీలైనంత తగ్గించి, మూడోదాన్ని చదవడానికి వీలు కల్పించడమే ఈ క్రీడలో ట్యూనింగ్ అనే పని.

పోటీ కాగితంపై లెక్కకు వచ్చే లక్ష్యాలు 25 ఉంటాయి; ఒక్కోదానికి పది చొప్పున గరిష్ఠ స్కోరు 250. వాటితోపాటు, గాలి తీరును పరీక్షించుకోవడానికి లెక్కలోకి రాని అదనపు చుక్కలు కూడా ముద్రించి ఉంటాయి. ఈ క్రీడకు ప్రపంచస్థాయి సమాఖ్య అయిన వరల్డ్ రిమ్‌ఫైర్ అండ్ ఎయిర్ రైఫిల్ బెంచ్‌రెస్ట్ ఫెడరేషన్ నిబంధనల్లో రెండు తరగతులు ముఖ్యమైనవి. లైట్ వార్మింట్ తరగతిలో రైఫిల్ బరువు 4.76 కిలోలనూ, గుండు శక్తి 12 అడుగు పౌన్లనూ, అంటే 16.3 జౌళ్లనూ మించకూడదు. హెవీ వార్మింట్ తరగతిలో ఈ హద్దులు 6.8 కిలోలు, 20 అడుగు పౌన్లు. మొదటి తరగతిలోని శక్తి పరిమితి, సర్టిఫికెట్ లేకుండా ఉంచుకోదగిన ఎయిర్ రైఫిళ్లకు బ్రిటన్ 1969లో విధించిన హద్దుతో సరిపోతుంది. భారతదేశంలో 2016 నాటి ఆయుధ నిబంధనల ప్రకారం 4.5 మిల్లీమీటర్ల బోరు, 20 జౌళ్ల శక్తి మించని ఎయిర్ రైఫిల్‌కు లైసెన్సు అవసరం లేదు కాబట్టి లైట్ తరగతి రైఫిల్ ఆ హద్దులో ఇముడుతుంది, 27 జౌళ్ల హెవీ తరగతి రైఫిల్ ఇమడదు.

ఎయిర్ రైఫిల్ అనగానే జాతరలో బెలూన్లు పేల్చే తుపాకీ గుర్తుకు రావడం సహజమే గాని, ఆస్ట్రియా సైన్యం 1780 ప్రాంతంలోనే గిరార్డోనీ అనే వ్యక్తి రూపొందించిన గాలి తుపాకీని సైనికుల చేతికి ఇచ్చిందన్న సంగతి చాలామందికి తెలియదు. జాతర తుపాకీలో గట్టి స్ప్రింగు ఒక పిస్టన్‌ను ముందుకు తోసి అప్పటికప్పుడు గాలిని కుదిస్తుంది. ఆ కుదుపు వల్ల గుండు గొట్టం దాటకముందే తుపాకీ కదులుతుంది. నేటి బెంచ్‌రెస్ట్ రైఫిల్ ఈ విషయంలో గిరార్డోనీ తుపాకీ సంతతికే చెందుతుంది: ముందుగానే గాలి కూరిన సిలిండర్ దానికి బిగించి ఉంటుంది. సాధారణంగా 200 బార్ వరకు, అంటే వాతావరణ పీడనానికి దాదాపు 200 రెట్ల వరకు నింపిన ఆ గాలిలో కొద్ది భాగం మాత్రమే ఒక్కో గుండుకు ఖర్చవుతుంది. ట్రిగ్గర్ నొక్కగానే హ్యామర్ అనే చిన్న ఉక్కు ముక్క స్ప్రింగు బలంతో వెళ్లి వాల్వును తడుతుంది. వాల్వు క్షణకాలం తెరుచుకొని మూసుకొనేలోగా వెలువడిన గాలి గుండును గొట్టం వెంట తోస్తుంది.

ఇక్కడ తలెత్తే మొదటి చిక్కు ఏమిటంటే, ఒక్కో గుండుకూ సిలిండర్‌లో పీడనం తగ్గుతూ పోతుంది గనుక వేగం కూడా ఒకేలా ఉండదు. వంటింటి గ్యాస్ సిలిండర్‌కు బిగించే రెగ్యులేటర్ లోపలి ఒత్తిడి ఎంతైనా పొయ్యికి ఒకే ఒత్తిడితో గ్యాస్ పంపినట్లే, రైఫిల్‌లోని రెగ్యులేటర్ కూడా సిలిండర్ గాలిని సుమారు 100 బార్ వంటి స్థిరమైన పీడనానికి దించి వాల్వు వెనుక ఉన్న చిన్న గదిలో నింపుతుంది. దాని లోపల గిన్నెల్లా వంపు తిరిగిన ఉక్కు వాషర్ల దొంతర ఒకటి పిస్టన్‌ను వెనక్కి నెడుతూ ఉంటుంది. గదిలో పీడనం నిర్ణీత స్థాయికి చేరగానే పిస్టన్ ఆ దొంతరను అణచి, గాలి వచ్చే రంధ్రాన్ని మూసివేస్తుంది. ఆ రంధ్రం అంచుపై గీత పడినా, చిన్న నలుసు చేరినా మూత పూర్తిగా బిగియక, గదిలో పీడనం మెల్లమెల్లగా పెరుగుతూ పోతుంది. ఈ జబ్బును షూటర్లు క్రీప్ అంటారు. దీన్ని పసిగట్టడానికి తుపాకీని పది పదిహేను నిమిషాలు కదపకుండా ఉంచి, తరువాతి గుండు వేగాన్ని అంతకుముందు గుళ్ల వేగంతో పోల్చితే చాలు. విరామం తరువాతి మొదటి గుండు ప్రతిసారీ తేడాగా వస్తుంటే, మిగతా ట్యూనింగ్ అంతా పక్కనపెట్టి ముందు రెగ్యులేటర్‌ను విప్పి శుభ్రం చేయించుకోవలసిందే.

వేగాన్ని కొలిచే పరికరం పేరు క్రోనోగ్రాఫ్. వేగంలోని తేడా కాగితంపై ఎంతగా కనిపిస్తుందో చిన్న లెక్కతో తెలుస్తుంది. 0.547 గ్రాముల గుండు సెకనుకు 240 మీటర్ల వేగంతో బయలుదేరితే 25 మీటర్లు చేరడానికి దాదాపు సెకనులో తొమ్మిదో వంతు పడుతుంది; ఆ వ్యవధిలో భూమ్యాకర్షణ దాన్ని సుమారు 6 సెంటీమీటర్లు కిందికి దించుతుంది. స్కోప్‌ను ఈ పతనానికి తగినట్టు సరిచేసి ఉంచుతారు కాబట్టి పతనం ఎంతైనా ఇబ్బంది లేదు, అది ఒకేలా ఉండకపోతేనే ఇబ్బంది. వేగం సెకనుకు ఒక మీటరు మారితే గుండు పడే చోటు దాదాపు అర మిల్లీమీటరు పైకో కిందికో జరుగుతుంది. అయిదు మీటర్లు మారితే రెండున్నర మిల్లీమీటర్లు జరిగి, పది రావలసిన చోట తొమ్మిది వస్తుంది. కాబట్టి ఈ క్రీడలో వేగం ఎంత అన్నదానికన్నా ఎంత స్థిరంగా ఉందన్నదే పెద్ద ప్రశ్న.

ఆ స్థిరత్వం హ్యామర్ స్ప్రింగు బిగింపులో దొరుకుతుంది. రెగ్యులేటర్ పీడనాన్ని మార్చకుండా స్ప్రింగును కొద్దికొద్దిగా బిగిస్తూ పోతే వేగం మొదట చకచకా పెరిగి, తరువాత నెమ్మదించి, ఒక స్థాయికి వచ్చాక ఇక పెరగదు. ఉదాహరణకు ఆ గరిష్ఠ వేగం సెకనుకు 248 మీటర్లు అనుకుంటే, అక్కడి నుంచి స్ప్రింగును వదులు చేస్తూ వేగం సుమారు మూడు శాతం తగ్గి 240 దగ్గరకు వచ్చినప్పుడు ఆపుతారు. గరిష్ఠ స్థాయిలోనే వదిలేస్తే వాల్వు అవసరానికి మించి తెరుచుకొని, గుండు గొట్టం దాటిన తరువాత కూడా గాలి వృథాగా పోతుంది. మరీ వదులు చేస్తే హ్యామర్ దెబ్బలోని చిన్న తేడా కూడా వేగంలో పెద్దదిగా కనిపిస్తుంది. ఈ రెండింటి నడుమనున్న వంపు దగ్గర మాత్రం ఒక మేలు జరుగుతుంది: గదిలో పీడనం కాస్త పెరిగితే అదే పీడనం వాల్వును గట్టిగా మూసి ఉంచి తెరుచుకొనే వ్యవధిని తగ్గిస్తుంది కనుక, పెరిగిన తోపు, తగ్గిన వ్యవధి ఒకదానికొకటి సరిపెట్టుకుంటాయి. 240 మీటర్ల దగ్గర ఈ గుండు శక్తి సుమారు 15.75 జౌళ్లు, అంటే పోటీ పరిమితికి కొంత దిగువన ఉన్నట్టే. పరిమితి అంచునే నిలబెట్టుకున్న రైఫిల్ వేడి ఎక్కువగా ఉన్న రోజున పరిశీలకుడి క్రోనోగ్రాఫ్ ముందు హద్దు దాటి అనర్హతకు గురికావచ్చు. ఒకటి రెండు మీటర్ల అదనపు వేగం కోసం ఆ ముప్పు తెచ్చుకోవడం అవివేకం.

గుండు విషయంలో ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ. అయినా కొత్తవారు అశ్రద్ధ చేసేది కూడా దీన్నే. ఎయిర్ రైఫిల్ గుండును పెల్లెట్ అంటారు. ముందు గుండ్రటి తల, మధ్యలో సన్నని నడుము, వెనుక పలుచటి గోడలున్న గంట ఆకారపు అంచు దాని రూపం. వెనుక అంచు గాలి ఒత్తిడికి విచ్చుకొని గొట్టంలోని మరగాళ్లను, అంటే మెలిక తిరిగిన గాడులను, పట్టుకుంటుంది. డబ్బాపై 4.50, 4.51, 4.52 వంటి అంకెలు తల వ్యాసాన్ని మిల్లీమీటర్లలో సూచిస్తాయి. ఏ గొట్టానికి ఏ వ్యాసం నప్పుతుందో సిద్ధాంతం చెప్పలేదు, కాల్చి చూడవలసిందే. ఒకే కంపెనీ, ఒకే అంకె గల పెల్లెట్లయినా వేరు వేరు అచ్చుల్లో, వేరు వేరు లాట్లలో తయారైతే ప్రవర్తన మారుతుంది. అందుకే అనుభవజ్ఞులు నప్పిన లాటును గుర్తించాక ఆ లాటు డబ్బాలనే సీజనుకు సరిపడా కొని ఉంచుకుంటారు. మిల్లీగ్రాము వరకు చూపే తక్కెడలో తూచి వేరుచేయడం మరో అలవాటు. బరువులో ఒక శాతం తేడా, అంటే అయిదారు మిల్లీగ్రాములు, వేగాన్ని దాదాపు అర శాతం మార్చి కాగితంపై సుమారు అర మిల్లీమీటరు తేడా తెస్తుంది. తూకం కన్నా ముందు చేయవలసిన పని, అంచు నొక్కుకుపోయిన పెల్లెట్లను కంటితో చూసి ఏరివేయడం.

గొట్టం విషయానికి వస్తే, మరగాళ్లు పెల్లెట్‌ను దాని అక్షంపై తిప్పుతాయి. ప్రఖ్యాత జర్మన్ తయారీదారు లోథర్ వాల్టర్ గొట్టాల్లో సుమారు 450 మిల్లీమీటర్లకు ఒక చుట్టు ఉంటుంది కనుక 240 మీటర్ల వేగంతో వెలువడే పెల్లెట్ సెకనుకు 530 సార్లకు పైగా తిరుగుతుంది. చివరి అంచుపై వెంట్రుకంత గీత ఉన్నా గాలి ఒక పక్కనుంచి ముందుగా వెలువడి పెల్లెట్‌ను పక్కకు నెడుతుంది. సీసం పేరుకున్నప్పుడు గొట్టాన్ని శుభ్రం చేయాలి గాని, చేసిన వెంటనే పోటీకి కూర్చోకూడదు. పలుచటి సీసపు పొర మళ్లీ ఏర్పడేవరకు మొదటి గుళ్లు చెదురుతాయి. అంతగా తోచని మరో లోపం సిలిండర్ దగ్గర ఉంటుంది. గాలి నింపినప్పుడు సిలిండర్ అతి స్వల్పంగా సాగుతుంది, ఖాళీ అయ్యేకొద్దీ ముడుచుకుంటుంది. గొట్టాన్ని దానికి గట్టిగా బిగించి ఉంచితే ఆ సాగుడు గొట్టాన్ని కూడా వంచి, పోటీ మొదట్లో కుదిరిన గురి చివరికి తప్పుతుంది. ఈ రెండింటి మధ్య సందు వదలడమో, పట్టీలో మెత్తని రబ్బరు రింగులు పెట్టడమో దీనికి విరుగుడు.

గొట్టం కొసకు బిగించే ట్యూనర్ గురించి మాత్రం వాదాలు తెగవు. మర ద్వారా ముందుకూ వెనక్కూ జరిపే ఈ చిన్న బరువు గొట్టపు కంపనాన్ని మారుస్తుంది. పెల్లెట్ గొట్టంలో ఉండే రెండు మూడు మిల్లీసెకన్లలోనే గొట్టం కొస అతి స్వల్పంగా పైకీ కిందికీ ఊగుతుంది కాబట్టి, నెమ్మదైన పెల్లెట్ కాస్త ఆలస్యంగా, కొస ఇంకొంచెం పైకి చూస్తున్న వేళ బయటపడేలా సరిచేస్తే దాని అదనపు పతనం కొంత భర్తీ అవుతుందని వాదన. మందుగుండు తూటాలు కాల్చే రిమ్‌ఫైర్ రైఫిళ్లలో దీనికి ఆదరణ ఎక్కువ. ఎయిర్ రైఫిల్‌లో కుదుపు స్వల్పం గనుక ఫలితం కూడా స్వల్పమే. వేగాన్ని స్థిరపరచకుండా ట్యూనర్ తిప్పుతూ కూర్చోవడం పునాది కదులుతుండగా గోడకు సున్నం వేయడమే అవుతుంది. ట్రిగ్గర్, స్కోప్‌ల పని త్వరగా తేలుతుంది: ట్రిగ్గర్ కొన్ని పదుల గ్రాముల బరువుకే, ప్రతిసారీ ఒకే చోట తెగాలి, స్కోప్‌లో కన్ను కదిలినా గుర్తు లక్ష్యంపై కదలకూడదు, రైఫిల్ పక్కకు వాలకుండా నీటిమట్టపు బుడగ ఉండాలి.

ఇవన్నీ చేసేవారిలో ఎక్కువమంది దెబ్బతినేది పనితనంలో కన్నా పరీక్షలో. ఏ మార్పూ చేయని ఒకే రైఫిల్‌తో వరుసగా అయిదేసి గుళ్లు కాలిస్తే, కాగితంపై పడే రంధ్రాల గుంపుల్లో చిన్నదానికి పెద్దది రెట్టింపు ఉండడం మామూలే. స్ప్రింగును పావు చుట్టు తిప్పి, అయిదు గుళ్లు కాల్చి, గుంపు చిన్నదయిందని సంబరపడేవారు తరచుగా యాదృచ్ఛికతకే పూజ చేస్తుంటారు. ఒకసారి ఒక్క మార్పే చేయాలి, కనీసం పాతికో ముప్పయ్యో గుళ్లు కాల్చాలి, తరువాత పాత అమరికకు తిరిగివెళ్లి అదే సంఖ్యలో కాల్చి పోల్చాలి. వేగం, ఉష్ణోగ్రత, సిలిండర్ పీడనం నోటు పుస్తకంలో రాసి ఉంచాలి.

ఇంత చేసినా బయటి గాలి అన్నిటినీ మించుతుంది. సెకనుకు ఒక మీటరు వేగంతో, ముఖానికి సన్నగా తగిలే పక్కగాలి ఈ పెల్లెట్‌ను 25 మీటర్ల దగ్గర దాదాపు 6 మిల్లీమీటర్లు పక్కకు జరుపుతుంది. అది పెల్లెట్ వ్యాసం కన్నా ఎక్కువ, ట్యూనింగ్‌తో సాధించే ఏ మెరుగుదల కన్నా కూడా ఎక్కువ. అందుకే బల్లకూ లక్ష్యానికీ మధ్య తేలికపాటి గాలి జెండాలను నాటి, వాటి తోకల ఊపును చూస్తూ, అదనపు చుక్కలపై కాల్చి లెక్క కట్టుకుంటారు. రైఫిల్ నిలకడగా ఉంటేనే ఆ లెక్క నమ్మదగినది. తప్పిన గుండుకు కారణం జెండానా వాల్వా అని సందేహపడవలసిన షూటర్ గాలిని ఎన్నటికీ నేర్చుకోలేడు.

కాబట్టి ఈ క్రీడకు కొత్తగా వచ్చేవారు ఖర్చును ఈ వరుసలో పెట్టుకోవడం మేలు: ముందు క్రోనోగ్రాఫ్, తరువాత నాలుగైదు రకాల పెల్లెట్లలో నప్పినదానివి ఒకే లాటు డబ్బాలు, ఆపైన రెండు గాలి జెండాలు. ట్యూనర్‌కు డబ్బు మిగిలితే అప్పుడు చూసుకోవచ్చు.