ముత్తాత ఎక్కిన ఓడకు రాసిన చిట్టా: 'ఏ1' అంటే నిజంగా ఏమిటి?

తొండియార్‌పేటలో తరతరాలుగా ఉంటున్న మన తెలుగు ఇళ్లలో "మా తాతగారి చిన్నాన్న ఓడెక్కి పోయాడు, మళ్లీ రాలేదు" అన్న మాట ఎప్పుడో ఒకప్పుడు వినే ఉంటాం. కొందరు రంగం పోయారు, కొందరు మారిషస్, ఇంకొందరు నేటాల్. ఇప్పుడు ఆ ఇళ్ల పిల్లలు ఇంటర్నెట్‌లో వెతికి ఓడ పేరు పట్టుకుంటున్నారు. పేరు దొరికాక, ఆ ఓడ ఎలాంటిదని అడుగుతున్నారు.

దానికి జవాబు చాలావరకు లండన్‌లోని లాయిడ్స్ రిజిస్టర్ సంస్థ కాగితాల్లో ఉంటుంది. 1760లో ఒక కాఫీ దుకాణం చుట్టూ చేరిన ఓడ వర్తకులూ బీమా వ్యాపారులూ మొదలుపెట్టిన సంస్థ ఇది. ఓడ కళ్ల ముందు లేకపోయినా దానికి బీమా ఇవ్వవచ్చా లేదా తెలియాలి కదా! అందుకని సర్వేయరును పంపి, చూసి, తరగతి రాసేవారు. ఒళ్లు గట్టిగా ఉంటే 'ఏ', లంగర్లూ గొలుసులూ తాళ్లూ బాగుంటే పక్కన '1'. ఇంగ్లీషువాళ్లు మంచి వస్తువును నేటికీ 'ఏ వన్' అనడం అక్కడి నుంచి వచ్చిందే. ఇనుప ఓడలకు వేరే నిబంధనలు 1850ల నడుమ వచ్చాయి. 1870 నుంచి '100ఏ1' అని అంకెతో రాయడం మొదలైంది.

సర్వేయరు నివేదిక చూస్తే మన ఆసామి ఇల్లు కొనేముందు గోడ తట్టి చూసినట్టే ఉంటుంది. ఓడ పొడవు, వెడల్పు, లోతు. ఇనుప రేకుల మందం అంగుళంలో పదహారో వంతుల లెక్కన. రివెట్లు ఎన్ని వరుసలు, ఎంత లావు. లంగర్ల బరువు, గొలుసులు, పంపులు, చిన్న పడవలు. కొన్నేళ్లకోసారి మళ్లీ సర్వే. ఓడ పాతబడితే రేకుకు చిన్న బెజ్జం వేసి, తుప్పు ఎంత తిన్నదో కొలిచేవారు. పంపించినప్పటి మందం, ఇప్పటి మందం పక్కపక్కన పెట్టి చదివితే ఓడ వయసు తెలిసిపోతుంది.

మన తీరానికి సంబంధించిన ఇనుప తెరచాప ఓడ ఒకటి ఇప్పటికీ నీళ్ల మీదే ఉంది. పేరు 'యూటర్పీ'. 1863లో ఐల్ ఆఫ్ మాన్ దీవిలోని రామ్సీ రేవులో కట్టారు. కలకత్తా వర్తకం కోసం తిరిగింది. 1865లో మద్రాసుకు ఎదురుగా బంగాళాఖాతంలో గాలివానలో చిక్కుకుని, ఓడ నిలబడాలంటే తెరకొయ్యలు నరికేయక తప్పలేదు. కుంటుకుంటూ త్రికోణమలై చేరి, అక్కడి నుంచి కలకత్తాకు మరమ్మతుకు పోయింది. తిరుగు ప్రయాణంలో కెప్టెన్ స్టోరీ చనిపోతే సముద్రంలోనే సాగనంపారు.

అప్పటికి మద్రాసుకు రేవు కట్ట లేదు. పెద్ద ఓడలు అలల అవతలే లంగరేసేవి. మనుషులనూ సరుకునూ కొబ్బరితాడుతో కుట్టిన మసులా పడవల్లో ఒడ్డుకు తెచ్చేవారు. ఆ పడవకు మేకు ఉండదు, అందుకే అల కొడితే ఒంగుతుంది గానీ పగలదు. ఈ పడవకు ఏ లండన్ సర్వేయరూ తరగతి రాయలేదు, మన సముద్రానికి అదే తగిన పడవ.

ఇక్కడే పాఠకులకు ఒక హెచ్చరిక. 'ఏ' తరగతి అంటే ప్రయాణికులు సుఖంగా ఉన్నారని అనుకోకండి. తడిస్తే పాడయ్యే సరుకును ఎంత దూరమైనా పొడిగా చేర్చగలదని దాని అర్థం. మనుషుల జాగా, మంచినీళ్లు, వైద్యుడు వేరే చట్టాల కింద, వేరే అధికారుల చేతిలో ఉండేవి. మరో సంగతి: గట్టి ఇనుము కూడా దిబ్బ మీదికి ఎక్కితే ఆగదు. కలకత్తా నుంచి కూలీలతో ఫిజీ వెళ్లిన 'సిరియా' అనే ఇనుప ఓడ 1884 మే 11న నసిలాయ్ దిబ్బకు కొట్టుకుని 59 మంది పోయారు.

ఈ కాగితాలను లాయిడ్స్ రిజిస్టర్ వారసత్వ కేంద్రం స్కాన్ చేసి తన వెబ్‌సైటులో ఉచితంగా పెట్టింది. ఓడ పేరుతో వెతకవచ్చు. కానీ ఒకే పేరుతో ఓడలు చాలా ఉంటాయి, కట్టిన ఏడూ ఊరూ సరిచూసుకోండి. పేర్లు కూడా మారతాయి: మన 'యూటర్పీ' 1906లో 'స్టార్ ఆఫ్ ఇండియా' అయింది, ఇప్పుడు అమెరికాలోని శాన్ డియాగో సముద్ర మ్యూజియంలో ఉంది. ఒక ఓడ అక్కడ కనబడకపోతే లేదని తేల్చేయకండి. 1862 నుంచి లివర్‌పూల్‌లో ఇనుప ఓడలకు వేరే రిజిస్టరు నడిచింది, ఫ్రెంచివారికి బ్యూరో వెరిటాస్ ఉంది.

మనిషి పేరు మాత్రం ఈ చిట్టాలో దొరకదు. దానికి ప్రయాణికుల జాబితా చూడాలి. 1860 నుంచి 1911 వరకు నేటాల్ చేరిన 1,52,184 మందిలో ఎక్కువమంది మద్రాసులో ఓడెక్కినవారే. ఆ జాబితాల్లో పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీది మచ్చ కూడా రాశారు. గుమాస్తా చెవికి వినబడినట్టు రాసిన పేర్లవి. విశాఖపట్నం అక్కడ 'విజగపటం'గా ఉంటుంది. కాబట్టి మీ ఊరి పేరును నాలుగైదు రకాలుగా రాసి వెతకండి.