దారి తప్పిన నేత్రోదకము

టెక్కలి ప్రాంతపు పల్లెలో ఒక వృద్ధుడు శుక్లము తీయించుకొని ఇల్లు చేరెననుకొందము. కొలది దినములకు ఆ కన్ను ఎఱ్ఱబడి నొప్పి పుట్టినది. దూరపు చూపు మసకబారినది. దగ్గరి వస్తువులు మాత్రము మునుపటికంటె బాగుగా కనబడుచున్నవి. దీనికి కారణమేమి?

ఐరిస్ అను రంగుపొర వెనుక, సిలియరీ అంగమునందు, నేత్రోదకము నిమిషమునకు సుమారు 2 మైక్రోలీటర్లు ఊరును. అది కనుపాప రంధ్రము గుండా ముందుగదిలోనికి వచ్చి, అంచుననున్న కోణమునుండి రక్తములోనికి పోవును. అపుడు కంటి పీడనము 10 నుండి 21 మిల్లీమీటర్ల పాదరసముండును. కోణము మూసికొనిన పీడనము పెరిగి దృష్టినాడి చెడును. ఇది నీటికాసులలో ఒక రకము.

శస్త్రచికిత్స జరిగిన కొన్ని కండ్లలో, ముఖ్యముగా చిన్నకండ్లలో, అరుదుగా ఈ నీరు వెనుకకు మళ్లి కాచాభ ద్రవములో చేరును. ఆ ఒత్తిడికి కటకము, అది అమర్చినదైనను, ఐరిస్‌తోపాటు ముందుకు జరుగును. దగ్గరిచూపు మెరుగగుటకు కారణమిదియే. 1869లో ఆల్బ్రెక్ట్ ఫాన్ గ్రేఫే దీనికి 'మాలిగ్నెంట్ గ్లాకోమా' అని పేరిడెను. ఇది క్యాన్సరు కాదు. చికిత్సకు లొంగనందున వచ్చిన పేరు.

సాధారణముగా కనుపాప వద్ద నీరు ఆగినచో ఐరిస్‌కు లేసరుతో రంధ్రము చేసిన చాలును. ఇందు రంధ్రము తెరచియున్నను ముందుగది లోతు తగ్గియే యుండును. వైద్యులకు ఇదియే గుర్తు.

మందులును తలక్రిందులే. అక్కడ మేలుచేయు పైలోకార్పిన్ సిలియరీ కండరమును బిగించును. కటకమును పట్టియుంచు తంతువులు వదులై అది మరింత ముందుకు వచ్చును. అక్కడ కూడని అట్రోపిన్ ఇక్కడ ఔషధము; అది కండరమును సడలించి, తంతువులను బిగించి, కటకమును వెనుకకు లాగును. నీరూరుట తగ్గించుటకు టిమొలాల్ చుక్కలు, అసిటజోలమైడ్ మాత్రలు, కాచాభ ద్రవమును కుదించుటకు నరములోనికి మానిటాల్ ఇత్తురు. సుమారు సగముమందికి 5 దినములలో గుణము కనబడును. తక్కినవారికి లేసరుతో కాచాభ ద్రవపు ముందుపొరను ఛేదింతురు, లేదా శస్త్రచికిత్సతో ఆ ద్రవమును కొంత తొలగింతురు. అట్రోపిన్‌ను తమంత తాము మానిన వ్యాధి తిరుగబెట్టవచ్చును.

ఉద్దానమున మరియొక జాగ్రత్త కలదు. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు ప్రాంతములలో మూత్రపిండ వ్యాధి చిరకాలముగా నున్నది. 2023 డిసెంబరులో పలాసలో దానికై పరిశోధన కేంద్రము, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమైనవి. అసిటజోలమైడ్, మానిటాల్ రెండును మూత్రపిండముల ద్వారానే వెడలవలయును. అవి చెడినవారిలో మానిటాల్ రక్తమున నిలిచి గుండెకు, ఊపిరితిత్తులకు ముప్పు తెచ్చును. కావున రోగి తన మూత్రపిండముల సంగతి కంటివైద్యునకు ముందుగా చెప్పి, రక్తపరీక్ష కాగితము చూపవలయును.

శస్త్రచికిత్స జరిగిన కన్ను నొచ్చినచో ఇంటనున్న పాత చుక్కలు వేయరాదు, మరునాటికి ఆగరాదు. ఒక వ్యాధికి మందైనది వేరొకదానికి విషమగును.