ఖరగ్‌పూర్‌లో మేము నిర్మించిన షార్ట్‌వేవ్ రేడియో

బెంగాలులోని ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలో తెలుగువారి సంఖ్య ఎంతటిదో అక్కడ కొంతకాలం నివసించిన వారికి వేరుగా చెప్పనక్కరలేదు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుండి మన కోస్తా జిల్లాల కుటుంబాలు, విశేషించి ఉత్తరాంధ్రవారు, వర్క్‌షాపు ఉద్యోగాల నిమిత్తం వెళ్ళి అక్కడే స్థిరపడినవి. గోల్ బజారులో తెలుగులో బేరమాడి కూరలు కొనవచ్చును. తెలుగులో వార్తలు వినవలెనంటే మాత్రం కష్టంగా ఉండేది. పగటివేళ మీడియం వేవ్‌పై కలకత్తా స్పష్టంగా వినిపించేది. విజయవాడ రాత్రివేళ వచ్చినా గాలిలో దీపం వలె వచ్చిపోతూ ఉండేది.

హైదరాబాదు కేంద్రం ఆ రోజులలో 60 మీటర్ల బ్యాండులో, 4800 కిలోహెర్ట్‌జ్‌పై కూడా ప్రసారమయ్యేది. సూర్యాస్తమయం తరువాత అయనోమండలపు దిగువ పొర క్షీణించగానే ఈ తరంగాలు పై పొరను తాకి, పరావర్తనం చెంది, వేయి కిలోమీటర్ల ఆవల దిగుతాయి. ఖరగ్‌పూర్ సరిగా ఆ దూరంలోనే ఉన్నది. అయితే చౌకగా దొరికే రెండు బ్యాండుల సెట్లలో అనేకం 6 మెగాహెర్ట్‌జ్ సమీపం నుండి మాత్రమే పనిచేసేవి. కాబట్టి 1989 చలికాలంలో, సాంకేతిక విద్యార్థులమైన మేము నలుగురం, స్వయంగా ఒక రిసీవరు నిర్మించ తలపెట్టినాము.

సూపర్‌హెటరోడైన్ జోలికి పోలేదు. దానిని సరిచేయుటకు సిగ్నల్ జనరేటరు కావలెను. మా వద్ద ఉన్నది ఒక మల్టీమీటరు మాత్రమే. అమెరికా ఇంజనీరు ఆర్మ్‌స్ట్రాంగ్ 1914లో పేటెంటు పొందిన రీజనరేటివ్ పద్ధతినే ఎన్నుకున్నాము. ట్రాన్సిస్టరు వర్ధనం చేసిన సంకేతంలో కొంత భాగాన్ని మరల కాయిలుకే అందిస్తే అది పదేపదే వర్ధనమవుతుంది. ఒక్క ట్రాన్సిస్టరు పలు ట్రాన్సిస్టర్ల పని చేస్తుంది.

మూడు సెంటీమీటర్ల వ్యాసం గల మాత్రల సీసాపై ఎనామిల్ తీగను 10 చుట్లు, ఒకటిన్నర సెంటీమీటర్ల పొడవున చుట్టినాము. దాని ఇండక్టెన్సు సుమారు 3 మైక్రోహెన్రీలు. దానికి 365 పికోఫారడ్ల గ్యాంగ్ కండెన్సరు చేర్చితే 4.5 నుండి 14 మెగాహెర్ట్‌జ్ వరకు అందుతుంది. ప్రక్కనే మరి మూడు చుట్లు, ఫీడ్‌బ్యాక్ కొరకు. ఈ చిన్న కాయిలు కొసలు తారుమారైతే ఫీడ్‌బ్యాక్ వ్యతిరేకమై సెట్టు మూగబోతుంది. రెండు కొసలను మార్చి కలిపితే పలుకుతుంది. డిటెక్టరుగా బి.ఎఫ్.డబ్ల్యు.10, శబ్ద వర్ధనానికి రెండు బి.సి.148లు, ఆరు టార్చి సెల్లులు, 2000 ఓముల హెడ్‌ఫోను. విడిభాగాలన్నీ కలకత్తా చాందినీ చౌక్‌లో కొన్నాము.

పరికరం పెట్టెలో ఇమిడినది కాని, ఏరియలు, ఎర్తు విషయంలో ఖరగ్‌పూర్ మమ్ములను పరీక్షించినది. రైలు మార్గంపై 25 కిలోవోల్టుల తీగలున్నవి. ఏరియలు వాటి దరిదాపులకు పోరాదు. అందువలన పట్టాలకు దూరంగా, క్వార్టరు మేడ నుండి పెరటి వేపచెట్టుకు పది మీటర్ల రాగి తీగ కట్టినాము. పాంటోగ్రాఫ్ తీగను రాసుకొని నిప్పులు రాల్చినప్పుడెల్లా హెడ్‌ఫోనులో చిటపట వినిపించేది. ఏ ఇంజను వెళ్ళినదో చూడకయే చెప్పగలమని మాలో ఒకరు గొప్పలు పోయేవారు. అక్కడి ఎర్రమట్టి వేసవిలో ఇటుక వలె ఎండిపోతుంది. ఎర్తు గొట్టం చుట్టూ ఉప్పు వేసి రోజూ బిందెడు నీళ్ళు పోస్తే తప్ప ఫలితం కనిపించలేదు. నీటికి కటకట గల ఇంటిలో ఇది గృహిణులకు ఎంత ప్రీతికరమో పాఠకులే ఊహించవచ్చును!

డయలుపై గుర్తులు పెట్టుటకు ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల వారి కాలసంకేతాలు తోడ్పడినవి. అవి 5, 10 మెగాహెర్ట్‌జ్‌లపై సెకనుకొక టిక్కు చొప్పున వచ్చేవి. ఆ రెండు చోట్లు నిశ్చయమైన పిమ్మట తక్కినవి లెక్క వేసుకొనుట సులభం. డయలు 5కు కొద్దిగా దిగువన, ఫీడ్‌బ్యాక్ మరను ఈల పుట్టుటకు వెంట్రుకవాసి ముందర నిలిపితే హైదరాబాదు పలికినది. మర ఆవలికి జరిగితే రిసీవరు తానే చిన్న ట్రాన్స్‌మిటరై, పొరుగింటి రేడియోలో కూడా ఈల వేస్తుంది. ఈ నిగ్రహం చేతివ్రేళ్ళకు అలవడుటకు నెలరోజులు పట్టినది.

1990 మే 9న పెను తుపాను కృష్ణా ముఖద్వారం సమీపంలో తీరం దాటినది. దాదాపు వేయిమంది ప్రాణాలు కోల్పోయిన ఉత్పాతమది. టెలిఫోను మార్గాలు దెబ్బతిని, ఊరి నుండి సమాచారం అందక, మా వరుసలోని రెండు కృష్ణా జిల్లా కుటుంబాలు తల్లడిల్లినవి. కలకత్తా వార్తలలో తుపాను సంగతి వచ్చినది కాని, వారికి కావలసినది తమ తాలూకా పేరు. చీకటి పడగానే సెట్టు ముందు పాతికమంది చేరినారు. హెడ్‌ఫోనును ఇత్తడి గిన్నెలో పెట్టితే శబ్దం కొంత పెరుగుతుంది. అయినను ఆనాడు చాలలేదు. ఒకరు చెవికి ఆనించుకొని విన్నది విన్నట్లు బిగ్గరగా పలుకగా, తక్కినవారు ఊపిరి బిగబట్టి ఆలకించినారు. ఆకాశంలో మెరుపులు ఆరంభమైనవి. వైశాఖపు గాలివానలు అక్కడ హఠాత్తుగా వస్తాయి. ఏరియలును తొలగించి ఎర్తుకు కలుపక తప్పలేదు. వాన వెలిసిన తరువాత మరల తగిలించినాము. మూడవనాటి రాత్రి వార్తలలో ఒకరి తాలూకా పేరు సహాయ కేంద్రాల వరుసలో వినిపించినది. ఆ యింటి పెద్దాయన ఏమీ మాట్లాడక లేచి, ఎర్తు గొట్టం వద్ద మరొక బిందె నీళ్ళు పోసి వచ్చినారు. వారి బంధువులు క్షేమమన్న ఉత్తరం పన్నెండు రోజులకు గాని చేరలేదు.

మన కాలనీల పిల్లలు ఇటువంటి సెట్టును ఇప్పుడు కూడా చేయవచ్చును. బి.ఎఫ్.డబ్ల్యు.10 దొరకనిచో జె310 సరిపోతుంది. కాళ్ళ అమరిక వేరు, డేటాషీటు చూచి కలుపవలెను. ఇంటిలోని ఎల్.ఇ.డి. దీపాలు, మొబైలు ఛార్జర్లు ఎడతెగని బుసను పుట్టిస్తాయి గనుక వాటిని ఆపి, బ్యాటరీపైననే వినవలెను. ముందుగా 31 మీటర్ల బ్యాండులో, చీకటి పడిన పిమ్మట వెదకుట మంచిది.