ట్రాక్టరు వెనుక ఇరుసు: డిఫరెన్షియల్, దాని లాకు



దమ్ము రోజులు వచ్చాయంటే డెల్టా గ్రామాలలో తరచు కనిపించే దృశ్యం ఒకటి వున్నది. మడిలో ట్రాక్టరు నిలబడిపోయి వుంటుంది. ఇంజను రొద పెడుతూ వుంటుంది. వెనుక చక్రాలలో ఒకటి బురద చిమ్ముకుంటూ గిరగిర తిరుగుతుంది. రెండోది గట్టినేల మీద కదలకుండా కూర్చుంటుంది. గట్టు మీద చేరినవాళ్ళు "తొక్కవోయ్, ఇంకా తొక్కు" అని కేకలు వేస్తారు. డ్రైవరు తొక్కినకొద్దీ తిరిగే చక్రం మరింత లోతుకు దిగుతుందే తప్ప బండి జానెడు ముందుకు రాదు. గట్టినేల మీద వున్న చక్రానికి పట్టు వున్నది గదా, మరి అది ఎందుకు లాగదు? దీనికి జవాబు వెనుక ఇరుసు నడుమ వుండే ఇనుప పెట్టెలో వున్నది. అక్కడ వుండే పళ్ళచక్రాల అమరికనే డిఫరెన్షియల్ అంటారు.

అసలు యిది ఎందుకు పెట్టారో ముందు చూద్దాం. మీ ట్రాక్టరు వెనుక చక్రాల మధ్య దూరం 1.4 మీటర్లు అనుకోండి. మడి చివర అర్ధచంద్రాకారంగా తిప్పినప్పుడు లోపలి చక్రం 3 మీటర్ల వ్యాసార్ధంతో తిరిగితే అది నడిచే దూరం సుమారు 9.4 మీటర్లు. వెలుపలి చక్రానిది 4.4 మీటర్ల వ్యాసార్ధం గనుక అది 13.8 మీటర్లు నడవాలి. ఒక్క మలుపులో 4.4 మీటర్ల తేడా! రెండు చక్రాలూ ఒకే కడ్డీకి బిగించి వుంటే, ఏదో ఒక చక్రం నేల మీద ఈడ్చుకుపోక తప్పదు. టైరు అరుగుతుంది, ఇరుసు మెలిపడుతుంది, బండి తిరగనని మొండికేస్తుంది. మన ఎడ్లబండికి యీ బాధ లేదు. దాని చక్రాలు ఇరుసు మీద దేనికది తిరుగుతాయి. లాగేవి ఎడ్లు, చక్రాలు కావు. ట్రాక్టరులో లాగవలసింది చక్రాలే గనుక వచ్చింది చిక్కు.

దాదాపు రెండు వందల ఏళ్ళ క్రితం ఫ్రాన్సు దేశంలో ఒనెసిఫోర్ పెక్యూర్ అనే గడియారాల పనివాడు ఆవిరిబండి కోసం యీ చిక్కును విప్పాడు. ఆయన చూపిన మార్గమే నేటికీ మన ట్రాక్టర్లలో వున్నది. ఇంజను నుంచి వచ్చే పినియన్, క్రౌను అనే పెద్ద పళ్ళచక్రాన్ని తిప్పుతుంది. క్రౌనుతోపాటు ఒక గూడు తిరుగుతుంది. ఆ గూటిలో చిన్న గేర్లు రెండో, నాలుగో వుంటాయి. వాటికి అటూ యిటూ కుడి ఇరుసు గేరు ఒకటి, ఎడమ ఇరుసు గేరు ఒకటి పట్టుకొని వుంటాయి. బండి తిన్నగా పోయేటప్పుడు చిన్న గేర్లు తమ చుట్టూ తాము తిరగవు, గూటితోపాటు మొత్తం ఒక ముద్దగా పోతుంది. మలుపులో మాత్రం చిన్న గేర్లు దొర్లుతాయి. లోపలి చక్రానికి ఎంత తగ్గితే వెలుపలి చక్రానికి అంత కలుస్తుంది. ఒక చక్రం పూర్తిగా ఆగిపోతే రెండోది రెట్టింపు వేగంతో తిరుగుతుంది.

ఇక్కడే అసలు కిటుకు వున్నది. డిఫరెన్షియల్ వేగాన్ని ఎట్లా పంచినా, బలాన్ని మాత్రం రెండు ప్రక్కలకూ సమానంగానే పంచుతుంది. కాడికి కట్టిన రెండు ఎడ్లను తలచుకోండి. కాడి నడుమ నొగకు కట్టిన చోట అది అటూ యిటూ తిరగగలదు. ఒక ఎద్దు బురదలో కాలు జారి మెడ వెనక్కు తీసిందనుకోండి. కాడి ఆ ప్రక్కకు తిరిగిపోతుంది. రెండో ఎద్దు ఎంత మేటిదైనా దాని బలం నొగకు అందదు. ట్రాక్టరులోనూ అంతే. బురదలో చక్రాన్ని తిప్పడానికి ఎంత తక్కువ బలం చాలునో, గట్టినేల మీద చక్రానికీ అంతే అందుతుంది. ఇంజను యాభై గుర్రాలదైనా ఒకటే, పాతిక గుర్రాలదైనా ఒకటే. "ఇంకా తొక్కు" అనడం వల్ల ప్రయోజనం ఎందుకు లేదో తెలిసింది గదా.

దీనికి విరుగుడే డిఫరెన్షియల్ లాకు. చాలా ట్రాక్టర్లలో డ్రైవరు కాలి దగ్గర, సీటు కింద వారగా దీని పెడలు వుంటుంది. తొక్కితే పళ్ళుగాని పిన్నులుగాని వచ్చి ఇరుసు గేరును గూటికి బిగిస్తాయి. అప్పుడు రెండు చక్రాలూ ఒకే కడ్డీకి కట్టినట్లు కలిసి తిరుగుతాయి. కాడిని నొగకు కదలకుండా బిగించినట్లన్నమాట. విచారించవలసిన సంగతి ఏమంటే, ట్రాక్టరు కొని ఐదారేళ్ళయినా ఆ పెడలు మీద ఒక్కసారి కాలు వేయని డ్రైవర్లు చాలామంది వున్నారు. బురద పట్టి, తుప్పు పట్టి, అవసరం వచ్చిననాడు అది కదలదు. వారానికొకసారి పెడలు కీలు కడిగి, నాలుగు చుక్కల నూనె వేసి, తొక్కి చూస్తే చాలు.

వాడే పద్ధతి జాగ్రత్తగా వినండి. ఒక చక్రం గిరగిర తిరుగుతుండగా లాకు తొక్కరాదు. తిరిగే గేరును నిలిచివున్న గేరుతో ఒక్కసారిగా కలిపితే పళ్ళు విరిగిపోతాయి. క్లచ్చి తొక్కండి. చక్రాలు పూర్తిగా ఆగనివ్వండి. తక్కువ గేరు వేయండి. అప్పుడు లాకు పెడలు తొక్కి, క్లచ్చి మెల్లగా వదలండి. పళ్ళు ఎదురుపడి పెడలు దిగకపోతే బండి కొద్దిగా కదిలినప్పుడు అదే దిగుతుంది. గట్టినేల మీదకు రాగానే కాలు తీయాలి. స్ప్రింగు లాకును విడదీస్తుంది. ఒక్కొక్కప్పుడు ఇరుసులో మెలి నిలిచిపోయి లాకు విడదు. అప్పుడు క్లచ్చి తొక్కి కాస్త ముందుకో వెనక్కో కదిలిస్తే విడిపోతుంది.

లాకు వేసి వుండగా బండిని తిప్పబోకండి. స్టీరింగు తిప్పినా ముందు చక్రాలు జారిపోతూ బండి తిన్నగానే పోతుంది. మడి చివరనైతే గట్టు తెగుతుంది. కాలువ గట్టు మీదనైతే బండీ మనిషీ కలిసి కాలువలోనే వుంటారు. రోడ్డు మీద లాకు మాటే వద్దు. అట్లాగే రోడ్డెక్కే ముందు రెండు బ్రేకు పెడల్స్‌నూ గొళ్ళెంతో కలిపి వుంచాలి. ఒకదాని మీదనే కాలు పడితే ట్రాక్టరు గిర్రున తిరిగి బోల్తా కొడుతుంది.

లాకు చెడిపోయిన ట్రాక్టరైతే మరో ఉపాయం వున్నది. తిరుగుతున్న చక్రం వైపు బ్రేకును మెల్లగా నొక్కి పట్టితే, ఆ చక్రానికి కొంత అడ్డు కలుగుతుంది. అడ్డు ఎంత కలిగితే, అవతలి చక్రానికి అంత బలం చేరుతుంది. ఇది గడ్డురోజు గడవడానికే గాని, రోజూ చేస్తే బ్రేకులు కాలిపోతాయి.

రెక్క నాగలితో దున్నేటప్పుడు కూడా లాకు పనికివస్తుంది. కుడి చక్రం చాలులో దిగి నడుస్తుంది గనుక బరువు అటు మొగ్గుతుంది, మిట్టన వున్న ఎడమ చక్రం జారుతుంది. జారుడు ఎంతో మీరే కొలుచుకోవచ్చును. రెండు టైర్ల మీదా సుద్దతో గుర్తు పెట్టండి. నాగలి ఎత్తి, చక్రం పది చుట్లు తిరిగే దూరం కొలవండి, 40 మీటర్లు వచ్చిందనుకోండి. నాగలి దించి అదే పది చుట్లకు 34 మీటర్లు వస్తే జారుడు నూటికి 15. నూటికి పది, పదిహేను దాకా మామూలే. అంతకు మించితే డీజిలును బురదలో పోస్తున్నట్టే. ఒక చక్రానికి 12, రెండోదానికి 25 వస్తే లాకు తిన్నని చాలులో వాడుకోవాలి. రెండు చక్రాలకూ ఎక్కువే వస్తే లాకుతో పని కాదు, వెనుక చక్రాలకు బరువు కట్టడమో, టైర్లలో నీరు నింపడమో చేయాలి.

కార్ల సంగతి కూడా ఒక మాట చెపుతాను. 1930ల్లో ఫెర్డినాండ్ పోర్షే రూపొందించిన ఆటో యూనియన్ పందెపు కారుకు ఇంజను బలం ఎక్కువై ఒక వెనుక చక్రం ఊరికే తిరిగిపోయేది. 1935లో జర్మనీలోని జెడ్.ఎఫ్. సంస్థ చేత దానికి తనంతట తానే బిగుసుకునే డిఫరెన్షియల్ చేయించారు. 1956లో అమెరికాలో ప్యాకార్డ్ కార్లకూ యిటువంటిది వచ్చింది. ఇప్పుడు వాడుకలో వున్న రకాలలో ఒకదానిలో ఇరుసు గేర్ల వెనుక క్లచ్చి ప్లేట్లు దొంతరగా వుంటాయి. ఒక చక్రం జారితే ప్లేట్ల రాపిడి వల్ల కొంత బలం రెండో చక్రానికి చేరుతుంది. డ్రైవరు పెడలు తొక్కనక్కరలేదు. నాలుగు చక్రాలూ లాగే ట్రాక్టర్లలో కొన్నింటి ముందు ఇరుసులో యీ రకమే వుంటుంది. ఆ ప్లేట్లకు తగిన నూనె వేరు. మామూలు గేరు నూనె పోస్తే మలుపుల్లో టకటకమని అదురుతుంది, ప్లేట్లు త్వరగా అరుగుతాయి. ఇటువంటి ఇరుసున్న బండిని ఒక ప్రక్క మాత్రమే జాకీ మీద ఎత్తి ఇంజనుతో చక్రం తిప్పి చూడకూడదు. నేల మీద వున్న చక్రం లాగి బండి జాకీ మీద నుంచి దూకుతుంది.

పట్టు పెరుగుతుందని లోపలి చిన్న గేర్లను వెల్డింగు చేయించేవారున్నారు. ఇది నాకు ఎంతమాత్రం నచ్చని పని. అది ఎన్నటికీ విడని లాకు. మొదటి మలుపు నుంచే ఇరుసులు మెలిపడతాయి, ఆ తరువాత ఏనాడో బరువైన ట్రక్కుతో పోతుండగా విరుగుతాయి.

ఇక ప్రాణాపాయం కలిగించే విషయం. దిగబడ్డ ట్రాక్టరు చక్రాలకు అడ్డంగా దుంగ కట్టి, ముందు గేరులో ఎత్తించడం పల్లెల్లో వున్నదే. చక్రాలు దుంగతో బిగిసిపోయి తిరగలేకపోతే ఇంజను బలం ఎక్కడికి పోవాలి? పినియన్, క్రౌను పళ్ళ మీదుగా ఎక్కుతుంది. చక్రం తిరగదు గనుక ట్రాక్టరు ఒళ్ళే ఇరుసు చుట్టూ వెనక్కు లేస్తుంది. ముందు చక్రాలు గాలిలోకి లేచిన తరువాత సుమారు ముప్పాతిక సెకనులోనే ఇక ఆపలేని స్థితి వస్తుంది. క్లచ్చి తొక్కే వ్యవధి వుండదు. గొలుసును డ్రాబారుకు గాక పైలింకు దగ్గర కట్టి లాగించినా యిదే ప్రమాదం. కనుక దిగబడితే ముందుగా పనిముట్టు విప్పండి. చక్రాల వెనుక బురద తవ్వి, కొమ్మలో పలకలో పరచి, లాకు వేసి వెనుక గేరులో వచ్చిన దారినే బయటికి రండి. రాకపోతే మరో ట్రాక్టరుతో వెనక్కు లాగించండి. గొలుసు తెగితే కొరడాలా కొడుతుంది, పిల్లలను దగ్గరకు రానీయవద్దు.

నూనె విషయం. చాలా ట్రాక్టర్లలో గేరుబాక్సు, డిఫరెన్షియల్, హైడ్రాలిక్ మూడింటికీ ఒకే నూనె. నూనెలో మునిగే బ్రేకులున్న బండిలో బ్రేకు ప్లేట్లకూ అదే. కనుక పుస్తకంలో చెప్పిన రకమే పోయాలి. చౌకగా వచ్చిందని వేరే నూనె పోస్తే ముందు బ్రేకులు కీచుమంటాయి, తరువాత హైడ్రాలిక్ ఎత్తడం మానేస్తుంది. దమ్ము రోజుల్లో ఉదయం ఇంజను వేయకముందు డిప్‌స్టిక్కు తీసి చూడండి. నూనె పాలమాదిరి తెల్లగా వుంటే నీరు చేరింది. అది పనికిరాదు, మొత్తం మార్చవలసిందే. నూనె రంగు బాగానే వున్నా అనుమానం వుంటే, రాత్రంతా నిలిచిన బండికి పొద్దున్నే అడుగు ప్లగ్గు కొద్దిగా వదులు చేయండి. నీరు బరువు గనుక అదే ముందు కారుతుంది. నీరు వచ్చేది ఎక్కువగా ఇరుసు సీలు గుండా. కేజి వీల్స్ దగ్గర చుట్టుకున్న గడ్డి, పురికొస సీలును కోస్తాయి. ప్రతి సాయంత్రం తీసివేయండి. గాలి వదిలే బ్రీదరు బురదతో పూడుకున్నా వేడెక్కిన నూనె సీళ్ళను తోసుకొని కారుతుంది.

నూనె మార్చేటప్పుడు అయస్కాంతపు ప్లగ్గును తుడిచి చూడండి. నల్లటి మెత్తని పేస్టు మామూలే. వేలికి గుచ్చుకునే ముక్క కనిపిస్తే గేరు పళ్ళు విరుగుతున్నాయన్నమాట. తిన్నగా పోయేటప్పుడు కూత వస్తే క్రౌను పినియన్ వైపు అనుమానించాలి. మలుపులో మాత్రమే కటకటమంటే గూటిలోని చిన్న గేర్లు, వాటి వాషర్లు అరిగాయి. క్రౌను, పినియన్ జతగా అరగదీసి తయారు చేసినవి. ఒకటి కొత్తది, ఒకటి పాతది వేయమనే మెకానిక్కును వెంటనే సాగనంపండి.

బాగుచేసిన తరువాత సరిచూసే పద్ధతి తేలిక. ముందు చక్రాలకు అడ్డు పెట్టి, వెనుక రెండు చక్రాలనూ గట్టి దిమ్మెల మీదకు ఎత్తి, ఇంజను ఆపి, గేరులో వుంచండి. ఒక చక్రాన్ని చేత్తో తిప్పితే రెండోది ఎదురుదిశగా తిరగాలి. ఇప్పుడు లాకు తొక్కించి తిప్పబోతే రెండూ కదలకూడదు. న్యూట్రల్ చేసి లాకు అట్లాగే వుంచితే రెండూ ఒకే దిశకు తిరగాలి. మూడూ సరిపోతేనే మెకానిక్కు లెక్క తేల్చండి.