ఆ తొమ్మిది నెలలూ ఏమి చేశారు?

జ్వరపడి లేచినవానిని బంధువులు బత్తాయిపండ్లతో వచ్చి పరామర్శిస్తారు. మనసు జబ్బుపడి సెలవులో ఉన్నవానిని పలకరించడానికి మాత్రం ఎవరికీ మాట తోచదు. ఈ భేదం నాకు స్వానుభవంతో తెలిసింది.

విజయవాడలో ఒక ప్రైవేటు సంస్థలో 14 సంవత్సరాలు లెక్కలు వ్రాసిన నేను డిప్రెషన్ అనే కుంగుబాటుకు లోనై తొమ్మిది నెలలు సెలవులో ఉన్నాను. నిద్ర ఉండేది కాదు. కూడిన అంకెలనే మళ్ళీ మళ్ళీ కూడి, అయినా తప్పేమోనని వణికేవాడిని. మానసిక వైద్యుని చికిత్సతో కోలుకున్నాను. తిరిగి వెళ్ళేసరికి నా కుర్చీలో మరొకరున్నారు. రాజీనామా ఇచ్చి, 43వ ఏట కొత్త ఉద్యోగానికి బయలుదేరవలసి వచ్చింది.

"ఒరేయ్, మనసు జబ్బని ఎక్కడా అనకు. పచ్చకామెర్లని చెప్పెయ్యి" అని మా మేనమామ ఉపదేశించాడు. మొదటి ఇంటర్వ్యూలో అలాగే చెప్పాను. అక్కడి పెద్దమనిషికి మూలికావైద్యంపై మక్కువ కాబోలు, "నేల ఉసిరి వాడారా? పథ్యం ఎన్నాళ్ళు చేశారు? బిలిరుబిన్ ఎంత వరకు వెళ్ళింది?" అని ఆసక్తిగా అడగసాగాడు. నోటికి వచ్చిన అంకె చెప్పాను. "తొమ్మిది నెలల కామెర్లా!" అంటూ ఆయన నా కాగితాలు ప్రక్కకు పెట్టాడు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మరునాడూ పట్టలేదు. ఉద్యోగం నేడు కాకపోతే రేపు వస్తుంది, ఆ జబ్బు తిరిగి వస్తే ఏమిటి గతి అన్నది నా శ్రీమతి బెంగ.

మా వైద్యునితో జరిగింది చెప్పాను. ఆయన ఉద్యోగానికి యోగ్యుడనని పత్రం వ్రాసి ఇచ్చారు. అందులో జబ్బు పేరు లేదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 23వ సెక్షన్ ప్రకారం చికిత్స వివరాలను గోప్యంగా ఉంచమనే హక్కు రోగికి ఉన్నదని ఆయన చెప్పేదాకా నాకు తెలియదు. రాత్రివేళ మనసు మరీ కలవరపడితే 14416కు ఫోన్ చేయమన్నారు. అది 2022 అక్టోబరులో ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ ఉచిత సేవ, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఆ మాత్రం ఆసరా ఉన్నదన్న ధైర్యమే నాకు కొంత చాలింది.

మా కుటుంబ ఆయుర్వేద వైద్యులు మరొక మాట చెప్పారు. చరక సంహిత సూత్రస్థానం 11వ అధ్యాయంలో చెప్పిన మూడు విధాల చికిత్సలలో సత్త్వావజయం ఒకటి. అహితమైన విషయాలనుండి మనసును మరలించి నిలుపుకొనడమే అది. "ఊరికే కూర్చుని మరలించమంటే మరలదు నాయనా, దానికొక పని చూపించు" అన్నారు. మా వీధి కిరాణా దుకాణం వారి లెక్కలు, జీఎస్టీ పత్రాలు చూడడం ఆరంభించాను. మొదటి రెండు వారాలు రోజుకు రెండు గంటలు, తరువాత నాలుగు, ఆపైన ఆరు. ఉదయం ఐదున్నరకు లేచి కాలువగట్టున నడక. సాయంత్రం నాలుగు దాటితే కాఫీ లేదు. పడుకోబోయే ముందు గోరువెచ్చని నువ్వులనూనెతో అరికాళ్ళకు పది నిమిషాలు మర్దన. భోజనంలో అప్పుడప్పుడు సరస్వతీ ఆకు పచ్చడి. అరికాళ్ళ మర్దన నాకు హాయినిచ్చింది. పచ్చడి వలన ఏమి మేలు జరిగిందో నిశ్చయంగా చెప్పలేను, రుచిగా మాత్రం ఉన్నది.

పెన్నేరుగడ్డ చూర్ణం వాడమని పదిమంది సలహా ఇచ్చారు. వైద్యులు వద్దన్నారు. నిద్ర కలిగించే మాత్రలతో కలిస్తే మత్తు హెచ్చవచ్చునట; థైరాయిడ్ మందులు వాడేవారూ అడగకుండా తీసుకోరాదట. ఇంగ్లీషు మాత్రలు నా అంతట నేను మానలేదు. మానిన ఒక బంధువు పడిన అవస్థ కళ్ళారా చూశాను.

తరువాతి ఇంటర్వ్యూకు రెండు వాక్యాలు సిద్ధం చేసుకున్నాను. "అనారోగ్యంతో సెలవులో ఉన్నాను, ఇప్పుడు పనికి యోగ్యుడనని వైద్యుని పత్రం ఉన్నది. రెండు మాసాలుగా ఒక దుకాణం లెక్కలు చూస్తున్నాను." అక్కడ "ఏమి జబ్బు?" అని గుచ్చి అడిగారు. చెప్పనక్కరలేదని తెలిసికూడా కుంగుబాటని చెప్పాను. వారు మళ్ళీ పిలువలేదు. బాధ కలిగింది గాని, ఆ రాత్రి నిద్ర పట్టింది.

నాలుగవది ఒక రైసుమిల్లు. యజమాని పత్రం చూసి, "మార్చి నెలాఖరు హడావిడి తట్టుకోగలరా?" అని మాత్రమే అడిగాడు.

"రాత్రి ఎనిమిది వరకు ఉంటానండీ. ఆపైన ఉండలేను."

ఆయన కొంతసేపు ఆలోచించి, "ఫిబ్రవరిలోనే పని మొదలుపెడదాం లెండి" అన్నాడు. పాత జీతం కంటే నెలకు ఆరువేలు తక్కువ. ఒప్పుకున్నాను. చేరి మూడు నెలలైంది. మార్చి ఇంకా రాలేదు. నువ్వులనూనె సీసా మంచం ప్రక్కనే ఉన్నది.