పట్టము పుచ్చుకొన్న పిమ్మట నేర్చినది



నేను వ్యవసాయశాస్త్రమున పట్టము పుచ్చుకొని 2001వ సంవత్సరమున విశ్వవిద్యాలయము వెడలి వచ్చితిని. నేలల గుణములు, ఎరువుల పాళ్లు, తెగుళ్ల లక్షణములు ఎవరడిగినను తడబడక చెప్పగలిగితిని. చెప్పిన మాట తప్పినచో ఆ నష్టము నెవరు భరింతురను ప్రశ్న మాత్రము ఏ పరీక్షలోను రాలేదు. దానిని మరుసటి యేడు మన సీమలోనే చదువుకొంటిని.

2002లో నాకు రాయచోటి ప్రాంతమున పని దొరకెను. నాడది కడప జిల్లాలోనిది. ఎర్రనేలలు, లోతు తక్కువ. వేరుశనగయే జనులకు ఆధారము. మృగశిరకార్తెలో ఒకనాటి సాయంకాలము వాన కురిసి పైమట్టి చల్లబడెను. నేను సంతోషించి ఒక రైతుతో, “కాయలు వలిపించియే యుంచితిరి గదా, పదును ఆరకమునుపే గొర్రు కట్టుడు” అంటిని. వలిపించి యుంచుమన్నదియు నేనే. ఆయన నాలుగెకరములు విత్తెను. ప్రక్కచేని పెద్దరైతు చేతికఱ్ఱతో నేలను గ్రుచ్చి చూచి, “సారూ, ఇది పైతడి. జానెడు లోతు దిగని వాన వాన గాదు” అని యింటికి పోయెను. ఆయన మాటను నేను లెక్కచేయనైతిని.

ఆ యేటి జూలై మాసమున దేశమంతట కురియవలసిన వానలో ఇంచుమించు సగమే కురిసినది. మా రైతు చేనిలో మొలకలు అక్కడొకటి యిక్కడొకటి లేచి మాడిపోయెను. తక్కిన పప్పు మట్టిలోనే చెడెను. వేరుశనగకు విత్తనమే పెద్ద ఖర్చని మీకు నేను చెప్పనక్కరలేదు. ఎకరమునకు 60 కిలోల పప్పు లెక్కవేసి చూడుడు. అదియు సంఘపు అప్పుతో కొన్నది.

పెద్దరైతు తన కాయలను వలువనే లేదు. కాయగా నున్నంతకాలము మొలకశక్తి నిలుచును, వలిచిన పప్పు త్వరగా చెడును. ఈ సంగతి నేను పుస్తకమున చదివియే యుంటిని. కావలసిన దినమున జ్ఞాపకమునకు రాలేదు. ఆయన ఆగస్టు చివర పడిన జల్లులకు ఉలవలు చల్లి, విత్తనపు కాయలను మరుసటి యేటికి దాచుకొనెను.

నష్టపోయిన రైతు నన్ను తిట్టియుండిన బాగుండెడిది. సంఘము గుమ్మమున ఎదురుపడి, “మీరేం జేస్తారు సారూ, వాన గదా” అనెను. ఆ మాట నన్ను చాలదినములు నిద్రపోనీయలేదు. వాన తప్పు వానదే. పైతడిని పదునని చెప్పిన తప్పు నాది. ఆ సంగతి ఆయనతో చెప్పుటకు నాకు రెండేండ్లు పట్టినది. చదువుకొన్నవానికి ఈ పని ఎంత కష్టమో!

నేను బాల్యమున చదివిన మిషను పాఠశాలలో తప్పు లెక్కను చెరుపనిచ్చెడివారు గారు. దానిమీద గీటు పెట్టి, ప్రక్కనే ఒప్పు లెక్క వ్రాయించెడివారు. నాకది చాదస్తముగా తోచెడిది. ఆ కరవు పిమ్మట నేనొక పుస్తకము పెట్టితిని. ఎడమప్రక్క నేనిచ్చిన సలహా, కుడిప్రక్క పంట యింటికి వచ్చిన పిమ్మట తేలినది. ఎడమప్రక్క గీటులు పెక్కు గలవు.

తరువాత కోయిలకుంట్ల నల్లరేగడి భూములకు బదిలీ యైతిని. అచ్చట వానకాలమున నేల దాచుకొన్న తేమతోనే అక్టోబరు, నవంబరు మాసములలో శనగ విత్తుదురు. 1999లో విడుదలైన జేజీ-11 రకము అప్పటికి వ్యాపించుచుండెను. పటాన్‌చెరువు ఇక్రిశాట్ వారును, జబల్‌పూరు జవహర్‌లాల్ నెహ్రూ కృషి విశ్వవిద్యాలయము వారును కలసి తెచ్చిన రకమిది. ఇంచుమించు నూరు దినములకు కోతకు వచ్చును, ఎండుతెగులును తట్టుకొనును. ఇన్ని గుణములున్నను, చేనంతయు నిదే వేయుమని నేనెవరికిని చెప్పలేదు. ఒక ఎకరమున వేసి, తక్కినదానిలో అలవాటైన అన్నిగేరి వేసి, రెంటిని కల్లములో వేరువేరుగా తూచుడంటిని. విస్తీర్ణపు లెక్క తగ్గునని పైవారొకరు నాపై విసుగుకొనిరి. మరుసటి యేడు రైతులే వచ్చి ఆ విత్తనము నడిగిరి.

రాయచోటి రైతు ఇప్పటికిని తొలకరి పడగానే నాకు ఫోను చేయును. “ఎంత లోతు దిగినది?” అని నేనడుగుదును. “తవ్వి చూసే చెప్తాండా సారూ” అని ఆయన నవ్వును.